రెండు కాగితాలు, ముగ్గురు మనుషులు

'కాసాబ్లాంకా' ప్రేమకథ అనేవాళ్లున్నారు, యుద్ధకథ అనేవాళ్లున్నారు. హైదరాబాదు తార్నాకలో మా ఇంటికి వచ్చిపోయే పిల్లలకు మాత్రం నేను దాన్ని ఒక లెక్కగా చెబుతాను. ఊరు దాటించే అనుమతి కాగితాలు రెండున్నాయి. వాటితో అవసరం ఉన్న మనుషులు ముగ్గురు: ఒక భార్య, ఆమె భర్త, ఆమె ఒకప్పుడు ప్రేమించిన మనిషి. వెళ్లేదెవరు, ఉండిపోయేదెవరు? 102 నిమిషాల సినిమా అంతా ఈ లెక్క తేలడం కోసమే.

చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1941 డిసెంబరు. మొరాకో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది, ఫ్రాన్సేమో హిట్లర్‌కు లొంగిపోయి ఉంది. యూరప్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లంతా కాసాబ్లాంకా అనే రేవు పట్టణంలో చిక్కుకుపోయి, లిస్బన్ వెళ్లే విమానం కోసం, అక్కణ్నుంచి అమెరికా కోసం ఎదురుచూస్తుంటారు. ఆ ఊళ్లో రిక్ అనే అమెరికన్ ఒక నైట్‌క్లబ్ నడుపుతుంటాడు. ఎవరి గొడవా నాకు పట్టదంటాడు. నిజానికి ఒకప్పుడు ఇథియోపియాకు తుపాకులు చేరవేసినవాడే, స్పెయిన్‌లో ఫాసిస్టుల మీద పోరాడినవాడే. తరువాత పారిస్‌లో ఇల్సాను ప్రేమించాడు. జర్మన్లు ఊళ్లోకి వస్తున్నారనగా ఇద్దరూ కలిసి రైలెక్కాలి. స్టేషన్‌కు ఆమె రాలేదు, చీటీ వచ్చింది. అప్పటినుంచి అతను దేన్లోనూ తలదూర్చడం మానేశాడు.

ఇప్పుడా ఇల్సా భర్తతో కలిసి సరిగ్గా అతని క్లబ్బులోకే అడుగుపెట్టింది. భర్త విక్టర్ లాస్లో నాజీలను ఎదిరించిన ఉద్యమ నాయకుడు. కాన్సంట్రేషన్ క్యాంపులో చనిపోయాడన్న కబురు వచ్చాకే ఆమె రిక్‌కు దగ్గరైంది. బతికే ఉన్నాడని తెలిశాక పారిస్‌లో రిక్ రైలును వదులుకుంది. చివరికి పొగమంచు కమ్మిన విమానాశ్రయంలో, తనతో ఉండిపోవడానికి సిద్ధపడి వచ్చిన ఇల్సాను రిక్ భర్తతో విమానం ఎక్కించి పంపేస్తాడు. లోకం తగలబడుతుంటే మన ముగ్గురి గోల ఏపాటిదన్న ధోరణిలో నాలుగు మాటలు చెబుతాడు. ఆమె కళ్లు నిండుతాయి. మన కళ్లూ నిండుతాయి.

ప్రేమ ఓడింది, కర్తవ్యం గెలిచింది అని ఎనభై ఏళ్లకు పైగా లోకం ఈ సినిమాకు తీర్పు చెబుతూనే ఉంది. నా అనుమానం తీర్పు మీద కాదు, పోటీ మీదే. విమానాశ్రయంలో ప్రేమా కర్తవ్యమూ తలపడ్డట్టు నాకెప్పుడూ కనిపించలేదు. అక్కడ నిలబడ్డది ముగ్గురు, నిర్ణయించింది ఒక్కడు.

ఈ మాట నాకంటే బాగా చెప్పింది మా ఇంటికి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి. మా వీధి చివర రోడ్డెక్కితే ఒక పక్క ఉస్మానియా, దాని పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, ఇంకాస్త ముందుకు పోతే జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో అద్దెకుండేవాళ్లలో సగం మంది ఏదో ఒకటి చదువుతూనో, పరిశోధిస్తూనో, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూనో ఉంటారు. నేను కాలేజీలో పాఠాలు చెప్పడం ఆగిపోయినా ఆదివారం సాయంత్రాలు కొందరు వస్తుంటారు. టీవీలో ఏదో ఒక పాత సినిమా పెడతాను. టీ, మిర్చీ బజ్జీ, తరువాత కొట్లాట.

'కాసాబ్లాంకా' అయిపోయిన సాయంత్రం మగపిల్లల కళ్లు చెమర్చి ఉన్నాయి. రిక్ మహానుభావుడని ఏకగ్రీవంగా తేల్చేశారు. సోషియాలజీలో పరిశోధన చేస్తున్న సూర్యాపేట అమ్మాయి బజ్జీ పక్కన పెట్టి అంది: "కాగితాలు రెండున్నయి, మనుషులు ముగ్గురున్నరు. అంతా మంచిగనే ఉంది మేడం. ఆమెను అడిగినోడు ఒక్కడు లేడు గదా?"

గ్రూప్-1కు చదువుతున్న కుర్రాడు ఊరుకోలేదు. "ముందటి రాత్రి ఆమెనే అన్నది గదా, ఇద్దరి కోసం నువ్వే ఆలోచించుమని?" అన్నాడు. పాయింటే. ఇల్సా నిజంగానే ఆ మాట అంటుంది. పారిస్‌లో ఒకసారి పారిపోయినదాన్ని, మళ్లీ పారిపోయే శక్తి లేదు, ఏది మంచో నాకిక తెలియడం లేదన్నట్టు నిర్ణయాన్ని అతని చేతుల్లో పెట్టేస్తుంది.

"అలసిపోయి అన్నమాటను పవర్ ఆఫ్ అటార్నీ అనుకుంటరా?" అంది ఆ అమ్మాయి. అందరూ నవ్వారు. గ్రూప్-1 కుర్రాడు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆ అమ్మాయి ప్రశ్నకు తెర వెనక ఒక జవాబుంది. అప్పటి అమెరికాలో హాలీవుడ్ తనకు తానే పెట్టుకున్న నీతి నియమావళి నడుస్తోంది. జోసెఫ్ బ్రీన్ అనే ఆయన కార్యాలయం స్క్రిప్టులన్నీ చదివి, ఏది తెర మీదికి రావచ్చో ఏది రాకూడదో చెప్పేది. పెళ్లయిన స్త్రీ భర్తను వదిలి ప్రేమికుడితో వెళ్లిపోయి సుఖంగా ఉండటం ఆ నియమాల ప్రకారం కుదరని పని. షూటింగ్ జరుగుతుండగానే స్క్రిప్టు రాసుకుంటూ పోయారు. తాను ఈ ఇద్దరిలో ఎవరిని ప్రేమిస్తున్నట్టు నటించాలని అడిగితే, మధ్యస్థంగా నటించమన్నారని ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ తరువాతి కాలంలో చెప్పుకుంది. ఇల్సానూ అడగలేదు, ఇల్సా వేషం వేసిన మనిషికీ చెప్పలేదు. ఆ అందమైన ముఖంలో మనం చూసి మురిసిపోయే సందిగ్ధంలో కొంత నటన, కొంత నిజంగానే తెలియకపోవడం.

అంటే విమానాశ్రయంలో కర్తవ్యం గెలవడానికి రిక్ మనసు ఎంత కారణమో బ్రీన్ గారి బల్ల మీది ఎర్ర పెన్సిలూ అంతే కారణం. ఇందులో హాలీవుడ్‌ను ఎగతాళి చేయాల్సిందేమీ లేదు. మనకు బ్రీన్ లేడు గానీ తాళి ఉంది. 1983లో వచ్చిన 'సాగర సంగమం' గుర్తు తెచ్చుకోండి. మాధవికి ముందే పెళ్లయిందని ఆమెను ప్రేమించిన బాలుకు తెలుస్తుంది. భర్త తిరిగొచ్చి వాళ్లిద్దరినీ కలపడానికి కూడా సిద్ధపడతాడు. బాలూయే ఆమెను భర్తతో పంపేస్తాడు. దర్శకుడు విశ్వనాథ్ గారు ఆ సన్నివేశాన్ని ఎంత సున్నితంగా తీశారో మళ్లీ చెప్పనక్కర్లేదు. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన 'ప్రేమాభిషేకం' ఇంకో మెట్టు పైకెక్కింది. తనకు కాన్సర్ అని తెలిసిన కథానాయకుడు, ప్రేమించిన అమ్మాయి తనను అసహ్యించుకుని వేరే పెళ్లి చేసుకోవాలని చెడ్డవాడి వేషం కడతాడు. ఆమె మంచి కోసమే. ఆ మంచి ఏమిటో ఆమెకు తప్ప హాల్లో ఉన్న అందరికీ తెలుసు.

మన సినిమాల్లో త్యాగానికి ఉన్నంత గ్లామరు మరి దేనికీ లేదు. త్యాగం చేసేవాడికి క్లోజప్ ఉంటుంది, పాట ఉంటుంది. త్యాగానికి గురైన మనిషికి మాత్రం తరువాతి దృశ్యం ఉండదు. లిస్బన్‌లో దిగాక ఇల్సా ఏమనుకుందో మనకెవరూ చూపించలేదు.

రిక్‌కు రావాల్సింది రిక్‌కు ఇవ్వాలి, లేకపోతే నా వాదనకు నిజాయితీ ఉండదు. ఈ సినిమా 1942 నవంబరు 26న న్యూయార్క్‌లో మొదటిసారి ప్రదర్శించారు. అప్పటికి మిత్రరాజ్యాల సైన్యాలు ఉత్తర ఆఫ్రికాలో దిగి మూడు వారాలు కూడా కాలేదు. 1943 జనవరిలో సినిమా దేశమంతటా విడుదలయ్యే రోజుల్లోనే రూజ్‌వెల్ట్, చర్చిల్ సరిగ్గా కాసాబ్లాంకాలోనే కూర్చుని యుద్ధం సంగతులు మాట్లాడుకున్నారు. హాల్లో కూర్చున్న ఆడవాళ్లలో ఎందరో అప్పటికే రైల్వే స్టేషన్లలో, రేవుల్లో ఎవరినో సాగనంపి వచ్చినవాళ్లు. విడిపోవడం వాళ్లు ఎంచుకున్నది కాదు, వాళ్ల మీద పడ్డది. మీరు విడిపోవడానికి అర్థం ఉందమ్మా అని ఎవరో చెప్పాలి. ఆ పని ఈ సినిమా చేసింది. ఓదార్పు ఇచ్చినవాడితో తగవులాడటం తేలిక, ఓదార్పు అవసరమైనవాళ్ల పక్కన కూర్చోవడం కష్టం.

పైగా ఆ సెట్ మీద నిజమైన శరణార్థులున్నారు. క్లబ్బులో జర్మన్ సైనికుల పాటను ఫ్రెంచి జాతీయ గీతంతో ముంచెత్తే దృశ్యంలో కన్నీళ్లతో పాడే మాడెలీన్ లెబో, ఆ సినిమాలోనే జూదం బల్ల దగ్గర పనిచేసే వేషం వేసిన ఆమె భర్త మార్సెల్ డాలియో, 1940లో నాజీలు వస్తుంటే పారిస్ విడిచి లిస్బన్ మీదుగా పారిపోయి వచ్చినవాళ్లే. నాజీ అధికారి మేజర్ స్ట్రాసర్‌గా నటించిన కాన్రాడ్ వైట్ జర్మనీలో పెద్ద నటుడు. భార్య యూదు స్త్రీ. హిట్లర్ గద్దెనెక్కిన 1933లోనే ఆమెతో కలిసి దేశం విడిచాడు. అతనికి ప్రేమ ఒక పక్క, కర్తవ్యం ఒక పక్క లేవు. భార్య చెయ్యి వదలకపోవడమే నాజీలను ఎదిరించడం కూడా అయింది. సినిమాలో విలన్‌గా రిక్ చేతిలో చచ్చిన మనిషి, జీవితంలో రిక్ పడ్డ చిక్కును ఒక్క అడుగుతో దాటేశాడు.

ప్రేమే కర్తవ్యమయ్యే కథ మన దగ్గర కూడా ఒకటుంది. దాని తీగ లాగితే మా ఉస్మానియాలో కదులుతుంది. చంద్రధర్ శర్మ గులేరీ హిందీలో 1915లో రాసిన 'ఉస్‌నే కహా థా' కథ. మొదటి ప్రపంచ యుద్ధం. అమృత్‌సర్ బజారులో చిన్నప్పుడు ఒక పిల్లను చూసి మనసు పారేసుకున్న లహనా సింగ్ సైన్యంలో చేరతాడు. పాతికేళ్ల తరువాత ఆ పిల్ల తన సుబేదారు భార్యగా ఎదురవుతుంది. మొగుడూ కొడుకూ ఇద్దరూ యుద్ధానికి పోతున్నారు, వాళ్లను కాపాడమని అడుగుతుంది. పరాయి దేశపు కందకాల్లో, చలిలో, లహనా వాళ్లిద్దరినీ కాపాడి తాను చనిపోతాడు. ఆమె చెప్పింది, అతను చేశాడు.

రిక్ కథకూ లహనా కథకూ పైకి ఒకే పోలిక. ఇద్దరూ ప్రేమించిన స్త్రీని వదులుకుని ఆమె భర్తను బతికించినవాళ్లే. కానీ రిక్ చేసింది ఇల్సా తరఫున తాను తేల్చిన పని, లహనా చేసింది ఆమె నోరు తెరిచి అడిగిన పని. ఒకటి ఆమె బదులు, ఇంకొకటి ఆమె మాట మీద. రెండిటినీ మనం త్యాగమనే ఒకే గంపలో వేస్తాం.

1960లో బిమల్ రాయ్ నిర్మాతగా ఇదే పేరుతో సునీల్ దత్, నందాలతో హిందీ సినిమా వచ్చింది. సలీల్ చౌధురి సంగీతం. అందులో సిపాయి గురించి ఒక పాట ఉంది. రాసింది మన మఖ్దూం మొహియుద్దీన్. మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టి, ఉస్మానియాలో ఎం.ఎ. చదివి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి కార్మికుల్లోకి, కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లిపోయిన కవి. ఆ పాట యుద్ధానికి వెళ్లే సిపాయికి జేజేలు కొట్టదు. వెనక మిగిలినవాళ్ల వైపు తిరిగి చూస్తుంది. ఆకలేసిన పిల్లల్ని ఊరడించే ఒక దుఃఖపు గొంతును వినిపిస్తుంది. కవాతు మధ్యలో ఆగి ఇంటి వైపు చూసే పాట అది. ప్రేమ మీదా విప్లవం మీదా ఒకే చేత్తో రాసిన కవి కాబట్టి మఖ్దూంకు అది సాధ్యమైంది.

అదే మఖ్దూం, రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో కలిసి 1947 సెప్టెంబరు 11న నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చినవాడు కూడా. పాటలో సిపాయిని నిలదీసిన మనిషే సిపాయిల్ని కదిలించాడని ఎత్తిచూపడం నాకిష్టం లేదు. దొరల గడీల కింద నలిగిన ఊళ్లకు ఆ పిలుపు అవసరమైంది. నాకు కావలసింది ఆ పిలుపు విని ఇల్లు దాటిన ఆడవాళ్లు ఏమన్నారన్నది. చిత్రమేమంటే ఆ ప్రశ్న అడిగినవాళ్లు కూడా ఈ చుట్టుపక్కలవాళ్లే.

1986లో స్త్రీశక్తి సంఘటన అచ్చువేసిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం నా బల్ల మీద అట్ట చిరిగి ఉంటుంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలను వెతికి పట్టుకుని, వాళ్ల నోటితోనే వాళ్ల కథ చెప్పించిన పుస్తకం. మూడేళ్ల తరువాత ఇంగ్లీషులోనూ వచ్చింది. దాని వెనక పనిచేసినవాళ్లలో ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్పిన రమా మేల్కోటే ఉన్నారు, పక్క క్యాంపస్‌లో ఇంగ్లీషు చెప్పిన సూసీ తారు ఉన్నారు, పోషకాహార సంస్థలో డాక్టరుగా పరిశోధనలు చేసిన వీణా శత్రుఘ్న ఉన్నారు. కె.లలిత, వసంత కన్నబిరాన్, ఉమామహేశ్వరి ఉన్నారు. తార్నాక బస్టాపులో ఎవరో ఒకరు మనకు తారసపడి ఉండవలసినవాళ్లే.

ఆ పుస్తకంలో చిట్యాల ఐలమ్మ ఉంది, మల్లు స్వరాజ్యం ఉంది. తుపాకీ పట్టిన గర్వం ఉంది. దానికి ఆనుకునే, అజ్ఞాతవాసంలో ఏడ్చే పసిబిడ్డ దళానికి ప్రమాదమని చంటివాణ్ని పరాయి చేతుల్లో పెట్టి రావలసి వచ్చిన కమలమ్మ ఉంది. 1951లో పోరాటం ఆపేశాక, ఇక ఇళ్లకు పోండి, సంసారాలు చూసుకోండి అన్నారని చెప్పుకున్నవాళ్లున్నారు. బయటికి పిలిచినప్పుడూ కర్తవ్యమే అన్నారు, లోపలికి పంపినప్పుడూ కర్తవ్యమే అన్నారు. రెండుసార్లూ ఎవరో తేల్చాక వీళ్లకు చెప్పారు. ఈ గొంతుల్లో పశ్చాత్తాపం లేదు. మళ్లీ పిలిస్తే మళ్లీ వెళతాం అన్నట్టే మాట్లాడతారు. వాళ్ల బాధ వెళ్లినందుకు కాదు, లెక్కలోకి రానందుకు.

వీళ్లందరిలో నన్ను ఎక్కువ వెంటాడే మనిషి కొండపల్లి కోటేశ్వరమ్మ. ఉస్మానియా పుట్టిన 1918లోనే కృష్ణా జిల్లా పామర్రులో పుట్టింది. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఊహ తెలిసేసరికి వైధవ్యం. ఆ రోజుల్లో వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడమే ఒక తిరుగుబాటు. ఉద్యమ నాయకుడు కొండపల్లి సీతారామయ్యతో ఆమె పెళ్లి అలాంటిది. కమ్యూనిస్టు పార్టీలో పనిచేసింది, పాటలు పాడింది, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి అజ్ఞాతంలోకి వెళ్లింది. ఆమె విషయంలో ప్రేమ వేరు, ఉద్యమం వేరు కావు. ఒకే గుమ్మం దాటి రెండిట్లోకీ అడుగుపెట్టింది. తరువాత భర్త ఆమెను వదిలేశాడు. అప్పుడు ముప్పై అయిదేళ్ల వయసులో హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్‌కు చదివింది. ఆ సంస్థ కాలేజీ ఇప్పుడు ఉస్మానియా ఆవరణలోనే ఉంది. ఆ గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా, తన సగం వయసున్న పిల్లల పక్కన పుస్తకం పట్టుకు కూర్చున్న మనిషిని ఊహించుకుంటాను. చదువు పూర్తి చేసి కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి తన కాళ్ల మీద నిలబడింది. కొడుకును, కూతుర్ని పోగొట్టుకుంది. తొంభై దాటాక 2012లో 'నిర్జన వారధి' పేరుతో తన కథ తానే రాసుకుంది. నూరేళ్లు నిండాక 2018లో వెళ్లిపోయింది.

సినిమాల్లో మనకు చూపించని తరువాతి దృశ్యం 'నిర్జన వారధి'. నాయకుడు చరిత్రలోకి వెళ్లిపోయాక ప్లాట్‌ఫాం మీద మిగిలిన మనిషి ఏం చేస్తుంది? మెట్రిక్ చదువుతుంది. ఉద్యోగం వెతుక్కుంటుంది. హాస్టల్ పిల్లలకు అన్నం సంగతి చూస్తుంది. ఎవరినీ తిట్టకుండా, ఎవరినీ దేవుణ్ని చేయకుండా నిదానంగా అన్నీ రాసిపెడుతుంది. ఈ పనుల్లో వేటికీ వెనక సంగీతం మోగదు. కర్తవ్యమంటే ఇదీనని నాకు ఎవరైనా ఒక మనిషిని చూపించమంటే రిక్ కన్నా ముందు ఈమెనే చూపిస్తాను.

కాలం మారింది కదా అంటారేమో. సినిమాల్లో కొంత మారింది. 2022లో వచ్చిన 'సీతారామం'లో హైదరాబాద్ యువరాణి నూర్జహాన్ ఒక అనాథ లెఫ్టినెంట్ కోసం సంస్థానాన్ని, సంబంధాన్ని, పేరును కూడా వదులుకుంటుంది. ఎవరూ ఆమెకు బదులుగా ఆలోచించలేదు. గడప దాటాలని తేల్చుకున్నది తనే. ఇల్సా నుంచి చూస్తే చాలా దూరమే వచ్చాం. కానీ ఆ లెఫ్టినెంట్ విధి నిర్వహణలో సరిహద్దు దాటి వెళ్లి తిరిగి రాడు. అతని ఉత్తరం ఆమెకు చేరడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. మన తెలుగు కథ ఆడమనిషికి నిర్ణయం ఇచ్చింది గానీ, ఎదురుచూపుల వాటా మాత్రం ఇంకా ఆమె ఖాతాలోనే ఉంచింది.

క్యాంపస్‌లో యుద్ధం నోటిఫికేషన్ రూపంలో వస్తుంది. ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో చెట్ల కింద, లైబ్రరీ మెట్ల మీద, ఆర్ట్స్ కాలేజీ ముందు పచ్చిక మీద ఏళ్ల తరబడి పరీక్షలకు చదివే జంటలుంటాయి. 1939లో, సరిగ్గా ఐరోపాలో యుద్ధం మొదలైన ఏడాది, ప్రారంభమైన ఆ గులాబీ రాతి భవనం ఎన్ని ఉద్యమాలు చూసిందో అన్ని ప్రేమలూ చూసి ఉంటుంది. ఉద్యోగం వచ్చాక ఇంట్లో చెబుదాం అనుకుంటారు. ఉద్యోగం రాదు. ఈలోగా అమ్మాయికి సంబంధాలు వస్తుంటాయి, అబ్బాయికి ఊళ్లో అప్పు, పెళ్లి కావలసిన చెల్లెలు, మోకాళ్ల నొప్పుల తల్లి. అవి సాకులు కావు, నిజమైన బాధ్యతలు. అప్పుడొక సాయంత్రం అబ్బాయి రిక్ అయిపోతాడు. "నా ఎంబడి ఉంటే నీ బతుకు పాడైతది, నీ మంచికే చెప్తున్న, ఇంట్లో చూసిన సంబంధం చేసుకో" అంటాడు. రాత్రికి వాట్సాప్ స్టేటస్‌లో విషాద గీతం పెడతాడు.

ఇలాంటి కుర్రాళ్లకు అమ్మాయిల హాస్టల్లో ఒక పేరుందట: త్యాగయ్య. మా ఆదివారం గుంపులో ఆ పేరు చెప్పగానే గ్రూప్-1 కుర్రాడు తలొంచుకుని బజ్జీ మీద శ్రద్ధ పెట్టాడు. ఎందుకో నేను అడగలేదు. సూర్యాపేట అమ్మాయి మాత్రం అటు చూడకుండానే అంది: "నా మంచి ఏందో నాకు తెల్వదా? వదిలేస్తే వదిలెయ్యి. భయమైతుంది, చేతనైతలేదు అను. వింట. నీ కోసమే అని మాత్రం అనకు."

త్యాగమనే మాటలోంచి కర్తవ్యాన్ని విడదీసి చూడటం నేను ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను. చెల్లెలి పెళ్లి కోసం నేను వెళ్లాలి అనడం కర్తవ్యం. ఆ మాటతో ఎదుటి మనిషి కోపగించుకోవచ్చు, ఏడవచ్చు, లేదా నేనూ ఆగుతాను, కలిసి మోద్దాం అనవచ్చు. నీ మంచి కోసం నిన్ను వదులుతున్నాను అన్నప్పుడు ఆమెకు ఏ జవాబూ మిగలదు. మొదటి మాట భారాన్ని ఒప్పుకుంటుంది. రెండో మాట భారాన్ని కిరీటం చేసి పెట్టుకుంటుంది.

ప్రేమా కర్తవ్యమా అని పిల్లలు వ్యాసరచన పోటీల్లో ఇంకా రాస్తూనే ఉన్నారు. నన్ను జడ్జిగా కూర్చోబెడితే ఆ అంశాన్నే మార్చమంటాను. వీటిలో ఏది గొప్పదన్న ప్రశ్న ఎప్పటికీ తెగదు. ఈ నిర్ణయం తీసుకుంటున్నప్పుడు దాని బరువు మోయబోయేవాళ్లను కూర్చోబెట్టి అడిగారా అన్న ప్రశ్న మాత్రం ప్రతిసారీ తెగుతుంది. అడిగితే లహనా సింగ్, అడగకపోతే రిక్. సంసారంలోనూ అంతే, పార్టీలోనూ అంతే, యుద్ధం ప్రకటించే దేశంలోనూ అంతే.

'కాసాబ్లాంకా' ముగింపు మార్చమని నేనేమీ కోరను. ఇల్సా ఆ విమానమే ఎక్కాలి. లాస్లోకు ఆమె తోడు కావాలి, అతని పోరాటం లోకానికి కావాలి. ఆ మాట ఆమెకూ తెలుసు, అందుకే పారిస్‌లో ఎవరూ చెప్పకుండానే ఒకసారి రైలు వదులుకుంది. రిక్ ఆ సంగతి మరిచిపోయాడు. విమానాశ్రయంలో ఉపన్యాసానికి బదులు నువ్వేమంటావని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఆమె నోటితోనే వెళతాననే మాట వచ్చి ఉండేదని నా నమ్మకం. కథ అదే, పొగమంచు అదే, కాగితాలూ రెండే. త్యాగం మాత్రం ఒక్క మగవాడి సొంత ఆస్తి కాకుండా ముగ్గురి ఉమ్మడి ఆస్తి అయ్యేది.